నాలుగేళ్లు అప్‌డేట్ లేని మా ఇంటి కంప్యూటర్ – నా అనుభవం

మాది నరసాపురం. ఇంట్లో లేసు పని. నేను అల్లేది తక్కువే, చుట్టుపక్కల ఊళ్లలో అల్లే ఇరవై మంది ఆడవాళ్లకి దారం, డిజైన్ ఇచ్చి, తయారైన ముక్కలు తీసుకుని, కొలతలు సరిచూసి ఎగుమతి చేసేవాళ్లకి పంపుతుంటాను. దీనికి కంప్యూటర్ ఎందుకమ్మా అని చాలామంది అడుగుతారు. ఎవరికి ఎన్ని బంతులు దారం ఇచ్చాను, ఎవరికి ఎంత బాకీ, ఏ ఆర్డరు ఏ సైజు, అన్నీ ఎక్సెల్‌లోనే ఉంటాయి. వాటికన్నా ముఖ్యమైనవి మా అత్తగారి డిజైన్లు. గళ్ల నోటుబుక్కుల్లో పెన్సిల్‌తో ఒక్కో గడి నింపుకుంటూ ఆవిడ ముప్ఫై ఏళ్లు గీసినవి. కాగితాలు చెదలు పట్టిపోతున్నాయని 2019లో కంప్యూటర్ కొన్నప్పుడు వాటిని స్కాన్ చేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆవిడకి చూపు ఆనడం లేదు, మళ్లీ గీయలేరు. 2024లో మా నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ లేసు ఈ ప్రాంతానిదే అనే ముద్ర, వచ్చిందని ఊళ్లో అందరం సంతోషించాం కానీ, ఆ గుర్తింపు నిలబడాలంటే ఇలాంటి పాత డిజైన్లు నిలబడాలి కదా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ డిజైన్లలో ఎనభై మూడింటిని నేను ఒకసారి పోగొట్టుకున్నాను.

2021 వానాకాలం. సాయంత్రం కంప్యూటర్ ఆపేద్దామని చూస్తే షట్ డౌన్ దగ్గర ‘అప్‌డేట్ అండ్ షట్ డౌన్’ అని ఉంది, నొక్కేసి వంటింట్లోకి వెళ్లాను. ముప్ఫై శాతం దాకా వెళ్లిందేమో, కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, అది మాకు తెలియను కూడా తెలియదు. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే మార్పులు వెనక్కి తీస్తున్నాం అని వస్తుంది, తిరుగుతుంది, ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా అదే. పొద్దున్నే ఒక షాపు నుంచి కుర్రాణ్ణి పిలిచాం. “ఏం కంగారు లేదండి, డేటా ఏం పోదండి, సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసేస్తానండి, డీలో ఉన్నవి డీలోనే ఉంటాయండి” అన్నాడు. సీ అంటే విండోస్ ఉండే భాగం, డీ అంటే మన ఫైళ్లు దాచుకునే భాగం, ఫార్మాట్ అంటే తుడిచేయడం. నాకూ అదే తెలుసు, సరే అన్నాను. కానీ నేను కొత్తగా స్కాన్ చేసినవన్నీ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. డెస్క్‌టాప్ మీద కనిపించే ప్రతి ఫైలూ నిజానికి సీ డ్రైవ్‌లోనే ఉంటుందని ఆ రోజుదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఆ అబ్బాయీ అడగలేదు. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ కూడా అంతే, మనం మార్చుకుంటే తప్ప అన్నీ సీలోనే.

అల్లేవాళ్లకి వాట్సాప్‌లో పంపిన బొమ్మలు కొన్ని వాళ్ల ఫోన్లలో దొరికాయి. అవి చిన్నగా, మసకగా ఉంటాయి, గడులు లెక్కపెట్టడానికి పనికిరావు.

ఆ కుర్రాడు వెళ్తూ వెళ్తూ “మళ్లీ ఈ అప్‌డేట్ల గొడవ లేకుండా ఆపేశానండి” అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను కూడా. ఆ తర్వాత నాలుగేళ్లు కంప్యూటర్ ఒక్కసారి కూడా అప్‌డేట్ అడగలేదు, నాకు అదే హాయిగా ఉండేది.

2025లో వినాయక చవితికి మా అబ్బాయి భీమవరం నుంచి వచ్చాడు, అక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్, అంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా అప్‌డేట్లు ఇవ్వడం, ఆగిపోతుందని అందరూ అనుకుంటున్న రోజులవి. మనకింకా నెలన్నర టైముంది కదరా అన్నాను. వాడు విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ‘విన్‌వెర్’ అని కొట్టాడు. వెర్షన్ 21హెచ్1 అని చూపించింది. విండోస్ 10 అంటే మొత్తం ఒకటే అనుకునేదాన్ని, కాదట, దాంట్లో ఒక్కో వెర్షన్‌కి ఒక్కో గడువు. 21హెచ్1కి గడువు 2022 డిసెంబర్‌లోనే అయిపోయింది. అంటే మేం భయపడుతున్న అక్టోబర్ మాకు మూడేళ్ల కిందటే వచ్చి వెళ్లిపోయింది!

తర్వాత వాడు సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచాడు. మీ సంస్థకి చెందిన యాక్టివేషన్ సర్వీసు ద్వారా విండోస్ యాక్టివేట్ అయింది అని ఇంగ్లీషులో రాసి ఉంది. “మనింటికి సంస్థ ఎక్కడిదమ్మా?” అన్నాడు. ఆఫీసుల కోసం ఉండే పద్ధతిని మోసం చేసే ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి యాక్టివేట్ చేశారన్నమాట, మాకు చెప్పకుండా దొంగ కాపీ వేశారు. అలాంటి ప్రోగ్రాంని విండోస్‌లో ఉండే డిఫెండర్ వైరస్ అని పట్టుకుంటుంది కాబట్టి, పట్టుకోకుండా డిఫెండర్‌లో ‘ఎక్స్‌క్లూజన్స్’ అనే చోట మినహాయింపు పెడతారట. మా దాంట్లో ఆ పేజీ తెరిస్తే మొత్తం సీ డ్రైవ్ ఉంది. నాలుగేళ్లుగా మా కంప్యూటర్‌లో కాపలా ఉన్నట్టే ఉంది కానీ, ఇంటి లోపలికి మాత్రం చూడొద్దని ఆ కాపలావాడికి చెప్పి పెట్టారు. అదే కంప్యూటర్‌లో నేను బ్యాంకు పని చేసుకుంటున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్‌డేట్ వేయకపోతే నిజంగా ఏమవుతుంది, నాలుగేళ్లలో ఏమీ కాలేదుగా అని నేనూ అడిగాను. మా అబ్బాయి 2017 సంగతి చెప్పాడు. విండోస్‌లో ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న సవరణ ఇచ్చింది. సరిగ్గా ఆ లోపాన్నే పట్టుకుని మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది. మధ్యలో రెండు నెలలుంది. ఆ సవరణ వేసుకున్న కంప్యూటర్ల మీద అది పాకే దారి మూసుకుపోయింది. వేసుకోనివాళ్లు బలయ్యారు. నాకు దీంట్లో బాగా అర్థమైంది ఏమిటంటే, సవరణ వచ్చిందంటే లోపం ఎక్కడుందో దొంగలకీ తెలిసిపోయినట్టే. కాలువ గట్టుకి ఫలానా చోట బుంగ పడింది, మట్టి వేసుకోండి అని ఊరంతా చాటింపు వేశాక మన చేను పక్కన మాత్రం వేసుకోకుండా కూర్చున్నట్టు. “డిజైన్లకి తాళం వేసి డబ్బులడిగితే ఇస్తావా అమ్మా?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా పక్కింటి మాస్టారు మాత్రం వద్దన్నారు. “అప్‌డేట్ వల్లే కదమ్మా అప్పుడు విమానాలన్నీ ఆగిపోయాయి” అన్నారు. 2024 జులై 19 సంగతి. ఆ రోజు చెడిపోయింది విండోస్ అప్‌డేట్ కాదు, పెద్ద కంపెనీలు వాడే క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన ఫైలు. సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర చూపించి ఆగిపోయాయి. ఇళ్లలో కంప్యూటర్లకి దాంతో సంబంధమే లేదు. అయినా ఆయన భయం అబద్ధం అని నేను అనను. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొంతమంది ఫైళ్లు చెరిపేసిందని మైక్రోసాఫ్టే దాన్ని కొన్ని రోజుల్లో ఆపేసింది. అప్‌డేట్‌లో ప్రమాదం ఉంటుంది. కాకపోతే ఆ ప్రమాదం నుంచి బ్యాకప్ మనల్ని కాపాడుతుంది, అప్‌డేట్ వేయకుండా ఉండే ప్రమాదం నుంచి బ్యాకప్ ఒక్కటే కాపాడలేదు. ఒక్కరాత్రిలో ఎనభై మూడు డిజైన్లు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

సరే, నిర్ణయం: దొంగ కాపీ మీద ఇంకో అప్‌డేట్ వేసి లాభం లేదు, దాంట్లో ఏముందో ఎవరికి తెలుసు. అసలు లైసెన్స్ కొని, సీ డ్రైవ్ ఉన్న డిస్కు మొత్తం తుడిచేసి, విండోస్ 11 కొత్తగా వేసుకోవాలి. మా ప్రాసెసర్ ఐ3, ఎనిమిదో తరంది, విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపు అక్కడి నుంచే మొదలు. అంతకన్నా పాతవి కొన్ని తప్ప కుదరవు.

తుడిచేయడం అనే మాట వినగానే నాకు 2021 గుర్తొచ్చింది. అందుకే ఈసారి బ్యాకప్‌కే మూడు వారాలు తీసుకున్నాను. ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాను. డిజైన్లు, ఎక్సెల్ లెక్కలు, ఫొటోలు దాంట్లోకి. డిజైన్లు మాత్రం పెన్ డ్రైవ్‌లోకి ఇంకో కాపీ, గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా వచ్చే 15 జీబీలోకి మరో కాపీ. ఇల్లు మునిగినా ఆ చివరిది మిగులుతుంది. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లం, ఈ మాట ఊరికే అనడం లేదు.

కాపీ అయిపోయిందని అక్కడితో ఆగుంటే మళ్లీ మోసపోయేదాన్ని. మా అబ్బాయి హార్డ్ డిస్క్ పట్టుకెళ్లి తన లాప్‌టాప్‌కి పెట్టి, వీడియో కాల్‌లో ఒక్కో ఫోల్డర్ తెరిచి చూపించాడు. డిజైన్లు బాగున్నాయి, గడులు స్పష్టంగా ఉన్నాయి. ఎక్సెల్ బాగుంది. కానీ తెలుగులో ఉన్న ధరల పట్టీ, ముక్కలకి కట్టే చీటీలు తెరిస్తే అక్షరాల బదులు ఏవేవో ఇంగ్లీషు గుర్తులు, చుక్కలు, అడ్డగీతలు. గుండె జారిపోయింది. ఫైలు చెడిపోలేదు, అవి అను ఫాంట్లలో టైప్ చేయించినవి. ఆ ఫాంట్లు వాడి లాప్‌టాప్‌లో లేవు. యూనికోడ్ తెలుగు అయితే ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగులాగే కనిపిస్తుంది, ఈ పాత ఫాంట్లవి అలా కాదు, ఫాంట్ లేకపోతే చదవలేం. మా కంప్యూటర్ తుడిచేశాక ఈ సంగతి తెలిసి ఉంటే ఆ ఫాంట్ల కోసం ఎక్కడ వెతుక్కునేదాన్ని? ఫాంట్స్ ఫోల్డర్‌లోంచి వాటిని కూడా కాపీ చేసి, ముఖ్యమైన కాగితాలన్నీ పీడీఎఫ్‌లుగా మార్చి పెట్టుకున్నాను. తెలుగు టైపింగ్ ఉన్న ఇళ్లలో, డీటీపీ పని చేసేవాళ్లలో చాలామందికి ఇది ఎదురవుతుంది. బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి, మీ కంప్యూటర్‌లోనే తెరిస్తే ఈ తేడా తెలియదు.

ఇంకా రాసుకోవాల్సినవి ఉన్నాయి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, ప్రింటర్ మోడల్ నంబర్, ఏ సాఫ్ట్‌వేర్‌లు వాడుతున్నానో ఆ పేర్లు. దారం లెక్కల పుస్తకం వెనక పేజీలో రాశాను.

తర్వాత కరెంటు. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాం, 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్‌ది. కానీ అది పది పదిహేను నిమిషాలకి మించి నిలవదు, అందుకని ఇన్వర్టర్ లైన్ మీద పెట్టి చూశాం. మెయిన్ ఆపితే ఫ్యాను ఆగకుండా తిరిగింది, కంప్యూటర్ మాత్రం టప్పున ఆగి మళ్లీ స్టార్ట్ అయింది. మా వారు ఇన్వర్టర్ వెనక్కి వంగి టార్చి వేసి చూస్తే అక్కడ చిన్న స్విచ్ ఉంది, ఒకవైపు నార్మల్, ఒకవైపు యూపీఎస్. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుందట, ఫ్యానుకి, లైటుకి పర్వాలేదు, కంప్యూటర్ తట్టుకోలేదు. యూపీఎస్ వైపు తిప్పి మూడుసార్లు మెయిన్ ఆపి చూశాం. ఈసారి ఆగలేదు. ఆ స్విచ్ మా ఇంట్లో ఆరేళ్లుగా ఉంది.

దీపావళి ఆర్డర్ల హడావిడి అయ్యాక, అక్టోబర్ 26 ఆదివారం పెట్టుకుందాం అనుకున్నాం. అప్పటికే తుపాను వార్తలు మొదలయ్యాయి. ఆపేశాం. మొంథా 28 రాత్రి మా నరసాపురానికి దగ్గర్లోనే తీరం దాటింది. ఆ రాత్రి గురించి ఇక్కడ రాయను, కోనసీమలో, మా వైపు పడిపోయిన కొబ్బరి చెట్లు, నీట మునిగిన వరి అందరూ చూశారు. మా మటుకు చెప్పాలంటే, సాయంత్రమే కంప్యూటర్ ప్లగ్గులు, ఇంటర్నెట్ వైరు అన్నీ పీకేసి, సీపీయూని మంచం మీదకి ఎత్తి, హార్డ్ డిస్క్‌ని రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి అటక మీద పెట్టాను. అత్తగారు “నా పుస్తకాలు కూడా పెట్టమ్మా” అన్నారు. మిగిలిన నోటుబుక్కులు కూడా ఆ పక్కనే పెట్టాను. మా వీధికి కరెంటు నాలుగో రోజు వచ్చింది.

చివరికి నవంబర్ 9 ఆదివారం. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెట్టాం. మా అబ్బాయి విండోస్ 11 పెన్ డ్రైవ్ ముందే తయారుచేసి తెచ్చాడు, మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైటు నుంచి, వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తోనే. 8 జీబీ పెన్ డ్రైవ్ చాలు. ఎవరో గ్రూపులో పెట్టిన ఫైలు తీసుకోవద్దు, మళ్లీ అదే దొంగ కాపీ కథ అవుతుంది.

వాడు చేసిన మొదటి పని నాకు చాలా నచ్చింది. సీపీయూ పక్క రేకు విప్పి, బట్టతో దుమ్ము తుడిచి, లోపల రెండో డిస్కు చూపించాడు. మాకు విండోస్ ఉండేది ఎస్‌ఎస్‌డీ అనే 240 జీబీ వేగమైన చిన్న డిస్కులో, డీ డ్రైవ్ ఉండేది వేరే పెద్ద హార్డ్ డిస్కులో. ఆ పెద్దదానికి వెళ్లే సన్నటి ఎర్ర కేబుల్ చివర పట్టుకుని మెల్లిగా బయటికి లాగి, “ఇంక ఇది కంప్యూటర్‌కి కనిపించదమ్మా, మనం పొరపాటున ఏం నొక్కినా దీనికేం కాదు” అన్నాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కుల పేర్లు డ్రైవ్ సున్నా, డ్రైవ్ ఒకటి అనే వస్తాయి, సీ, డీ అని రావు. తొందరలో ఒకటి తుడవబోయి ఇంకోటి తుడిచేస్తారు. ఆ కేబుల్ పీకాక నా చేతుల వణుకు ఆగింది. 2021లో ఆ షాపు కుర్రాడు నా ఫైళ్లు ఎక్కడున్నాయో ఒక్క మాట అడిగి ఉంటే, నేను ఎన్ని రాత్రులు నిద్రపోయేదాన్నో.

తర్వాత డెల్ బటన్ నొక్కుతూ ఆన్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లోకి, వెళ్లాం. ఏదైనా మార్చే ముందు ప్రతి పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోమన్నాడు, తేడా వస్తే పాత పద్ధతికి తిరిగి రావడానికి. అక్కడ కంప్యూటర్ మొదలయ్యే పద్ధతి లెగసీ అని, అంటే పాతది, ఉంటే కొత్తదైన యూఈఎఫ్ఐకి మార్చాం. పెన్ డ్రైవ్ నుంచి మొదలుపెడితే ఈ కంప్యూటర్ విండోస్ 11ని నడపలేదు అని వచ్చింది. మా వారు అప్పటికే ఫోన్‌లో వీడియో చూశారు, ఆ తనిఖీని దాటవేసే చిట్కా ఒకటుందని. మా అబ్బాయి ఒప్పుకోలేదు. అలా దొడ్డిదారిన వేసిన కంప్యూటర్లకి ఇకముందు అప్‌డేట్లు వస్తాయన్న భరోసా మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. మనం ఇదంతా చేస్తున్నదే అప్‌డేట్ల కోసం కదా నాన్నా అన్నాడు. మళ్లీ బయోస్‌లోకి వెళ్లి వెతికితే ఇంటెల్ పీటీటీ అని ఒకటి డిసేబుల్‌లో ఉంది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అంటే అదే, పాస్‌వర్డ్‌లు, తాళాలు భద్రంగా దాచే భాగం. ప్రాసెసర్‌లోనే ఉంటుంది, ఆన్ చేయాలంతే. చేశాక, ఆన్ అయ్యేటప్పుడు దొంగ ప్రోగ్రాంలు దూరకుండా చూసే సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేశాం. ఈసారి ముందుకు వెళ్లింది.

ఎస్‌ఎస్‌డీలో ఉన్న పాత భాగాలన్నీ ఒక్కొక్కటిగా డిలీట్ చేసి, మొత్తం ఖాళీ స్థలంగా చేసి నెక్స్ట్ నొక్కాం. అక్కడి నుంచి అరగంట. అంతే. మూడు వారాల టెన్షన్‌కి అసలు పని అరగంట. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది కూడా. ఇన్వర్టర్ బీప్ మంది, తెర మీద శాతం ఆగకుండా పెరుగుతూనే ఉంది. మా వారు నావైపు చూసి నవ్వారు.

లోపలికి వచ్చాక మొదట అప్‌డేట్లే. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, చెక్ చేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ చెక్ చేసి, ఇంక ఏమీ లేదు అనేదాకా మూడుసార్లు పట్టింది. అప్పుడు కంప్యూటర్ ఆపేసి, ఎర్ర కేబుల్ తిరిగి పెట్టి, డీ డ్రైవ్‌లో ఏదీ తెరవకముందే డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ చేశాం. రెండు పాత ఫైళ్లు పట్టుకుంది, ఆ యాక్టివేషన్ ప్రోగ్రాం కాపీలే. తీసేశాం. ప్రింటర్‌కి దాని కంపెనీ సైటు నుంచి కొత్త డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాం, వేస్తే పనిచేసింది. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, ‘అమ్మ’ అని ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులో వస్తుంది, దాంతో చీటీలన్నీ యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసుకుంటున్నాను, రోజుకి కొన్ని.

ఒక సంగతి మాత్రం తప్పకుండా చెప్పాలి. ఇప్పుడు వచ్చే విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా వేస్తే చాలా కంప్యూటర్లలో డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా తాళం పడుతుంది. మంచిదే, దొంగతనం జరిగినా ఫైళ్లు ఎవరూ చదవలేరు. కానీ రేపు బయోస్‌లో ఏదైనా మార్చినా, రిపేరుకి ఇచ్చినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే మన ఫైళ్లు మనకే రావు. అది ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. దాన్ని కూడా దారం లెక్కల పుస్తకంలోకి ఎక్కించాను, అంకెలు మా వారు చదువుతుంటే నేను రాసి, నేను చదువుతుంటే ఆయన సరిచూశారు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు వదులుతుంది, అమెరికా పగలు కాబట్టి మనకి ఆ రాత్రి వస్తాయి. నేను ఆ వచ్చే ఆదివారం వేస్తాను. ఆ నాలుగైదు రోజుల్లో ఏదైనా పెద్ద తేడా ఉంటే వార్తల్లో తెలిసిపోతుంది. అంతకన్నా ఆలస్యం చేయను. ‘పాజ్’ నొక్కితే ఐదు వారాల వరకు ఆపుకోవచ్చు కానీ, ఆర్డరు గడువు ఉన్న వారంలో తప్ప దాని జోలికి వెళ్లను. నెలాఖరులో ‘ప్రివ్యూ’ అనే పేరుతో వచ్చేవి వేయను, అవి ముందుగా పరీక్షించేవాళ్ల కోసం, తర్వాతి నెలలో ఎలాగూ అందరికీ వస్తాయి. అప్‌డేట్ వేసే ముందు హార్డ్ డిస్క్ పెట్టి బ్యాకప్, అయిపోగానే దాన్ని పీకేసి డబ్బాలోకి. ఎప్పుడూ తగిలించి ఉంచితే తాళం వేసే వైరస్ వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది.

మా దగ్గర అల్లే ఒకావిడ కూతురికి మొన్న తెర మొత్తం ఎర్రగా నిండి, మీ విండోస్‌కి వైరస్ వచ్చింది, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని వచ్చిందట, చేసింది కూడా. అవతలివాడు ఏదో యాప్ వేయించి కంప్యూటర్ తన చేతిలోకి తీసుకోబోయాడు, అదృష్టం బాగుండి నెట్ పోయింది. అప్‌డేట్ ఎప్పుడూ సెట్టింగ్స్ లోపలే ఉంటుంది, బ్రౌజర్‌లో రాదు, ఫోన్ చేయమని అసలు అడగదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయాలి.

పాలకొల్లులో మా వదిన గారి కంప్యూటర్ 2014ది. దానికి విండోస్ 11 రాదు. విండోస్ 10కి ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఒకటుంది, 30 డాలర్లు కట్టవచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే ఉచితంగా వస్తుంది. కాకపోతే వెర్షన్ 22హెచ్2 ఉండాలి. ఆవిడ వాడేది బ్రౌజరు, భజన పాటలు, మనవల ఫొటోలు అంతే కాబట్టి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే సిస్టమ్ వేద్దామని మా అబ్బాయి ఆలోచన, అది పాత కంప్యూటర్లలో తేలిగ్గా నడుస్తుంది, ఉచితం, అప్‌డేట్లూ వస్తాయి. వచ్చే ఆదివారం వెళ్తున్నాం. ఫోన్‌లో ఆవిడ అడిగారు, “మీరొచ్చేలోపు నేనేం చెయ్యాలే?” అని. డెస్క్‌టాప్ మీద ఉన్న ఫొటోలన్నీ ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని పక్కింటివాళ్ల కంప్యూటర్‌లో పెట్టి ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి వదినా, మిగతాది మేం వచ్చి చూస్తాం అన్నాను.